సారును ఆపిన అమ్మ

మెదక్ బస్టాండు దగ్గర బట్టలు కుట్టే మా అమ్మ సౌభాగ్యమ్మ ఓపెన్ స్కూల్లో పది రాసి లెక్కల్లో రెండుసార్లు తప్పింది. మూడోసారి ఫారం నింపనని మొండికేసింది. నేను ఫోన్లో లెక్కల సారు వీడియో పాఠం పెట్టిచ్చాను. అమ్మ చేతులు కట్టుకొని చివరిదాకా కదలకుండా విన్నది. ఏమీ అర్థం కాలేదన్నది.

“అర్థం కానికాడ ఆపాలమ్మా.”

“సారు చెప్తుంటే నడుమల ఆపుతరానే ఫేబా? మళ్ల చెప్పుండ్రి సారూ అన్నందుకే చిన్నప్పుడు నా వీపు మీద బెత్తం ఇరిగింది.”

“ఈ సారు కొట్టడు. జర ఆపి చూడు.”

అమ్మ భయంగా వేలు ఆనించింది. సారు ఆగాడు. వెనక్కి జరిపితే అదే నవ్వుతో మళ్లీ చెప్పాడు. అమ్మ తొమ్మిదిసార్లు చెప్పించుకుంది.

“జరంత గూడ కోపానికొస్తలేడే!” అంది, కళ్లు పెద్దవి చేసి.

తర్వాత త్రిభుజంలో రెండు లంబకోణాలు ఎందుకుండవో నాకే వివరించింది. “రెండంచులు నిటారుగ పోతే పైన ఏడ కలుస్తయే? డిగ్రీ చదివినవ్, గిది తెల్వదా?”

ఉండవని బట్టీ పట్టాను. ఎందుకుండవని ఏ రోజూ అడగలేదు. అమ్మను అలా చూస్తూ ఉండిపోయాను.

“సూసింది సాలు గని, ఫారం తే” అంది అమ్మ.