పటేలు కోడె

సీమోను గడ్డిమోపు దించి, బందెల దొడ్డి వాకిట్లో చెప్పులు విడిచాడు. పేడలో నానితే తోలు మన్నదు. అందుకే లోపలికి ఎప్పుడూ వట్టికాళ్లతోనే పోతాడు. కావడి మోసి మోసి కుడిభుజం కుంగింది.

చేను మేసిన గొడ్లను ఊరివాళ్లు ఇక్కడికి తోలుకొస్తారు. సొంతదారు స్వయంగా వచ్చి, తప్పు ఒప్పుకుని విడిపించుకోవాలి. పంచాయతీ ఇచ్చిన ఈ కొలువులో సీమోనుకు కడుపుకింత జొన్న గటక తప్ప మిగిలిందేమీ లేదు. ఎవరి గొడ్డునూ చాటుగా విడవడన్న పేరొకటి ఉంది. బీదవాడి దగ్గర అమ్మకానికి పనికొచ్చేది అదొక్కటే. అమ్మితే మళ్లీ కొనుక్కోలేడు.

ఆ పొద్దున విధవరాలు శంకరవ్వ, ఆమె అన్నదమ్ములు తాళ్లేసి ఒక కోడెను తెచ్చి లోపల వదిలారు. అది ఆమె జొన్నచేను మొదళ్లదాకా మేసింది. ఆ కోడె సర్పంచి రామచంద్రానిది. పటేలుగిరీ చేసినవాడే ఎదురులేకుండా సర్పంచి అయ్యాడు. ఊరికి ఇంకా పటేలే. పోయిన ఎండాకాలం ఆ కోడె ఒక జీతగాణ్ణి కుమ్మింది.

రేపు పంచాయతీ సభ్యులు వచ్చి చూస్తారు. కోడె ఉంటే పటేలు అందరి ముందు నిలబడి నష్టం ఒప్పుకోవాలి. లేకుంటే శంకరవ్వ చేను గాలి మేసినట్టే.

మధ్యాహ్నం సర్పంచి మనిషి మొండయ్య వచ్చి, ఎండల గురించీ వానల గురించీ మాట్లాడి, చివరికి అసలు మాట అన్నాడు.

"అడ్డుకర్ర జర తీసి పక్కకు పో. కంచె దుంకిందని చెప్పుదువు."

"మా తమ్ముని మేకనే ఇడ్వలే మొండన్నా. పటేలును రమ్మను."

"గాయిన నీ దొడ్డికి వస్తడా?"

"రాకుంటె కోడె ఈడనే ఉంటది."

"నువ్వు గూడ ఈడనే ఉంటవ్ మరి," అని నవ్వాడు మొండయ్య.

సద్ది తెచ్చిన భార్య రిబ్కమ్మ ఆ నవ్వు విన్నది. "దొడ్డి నీ అయ్య జాగీరా? ఇడిస్తె ఏం పోతది?"

"శంకరవ్వ గింజలు పోతయి," అని చేయి కడుక్కున్నాడు.

పొద్దు వాలకముందే ఆ వీధిలో తలుపులన్నీ మూసుకున్నాయి. ఎదుటి అరుగు మీద మొండయ్య ఒక్కడే కూర్చుని ఇటు చూడకుండా బీడీ తాగుతున్నాడు. సీమోను నీళ్ల బకెట్ ఎత్తుకుని, తలుపుకు బయట వేసిన అడ్డుకర్ర తీసి లోపలికి పోయి, కోడె బయటపడకుండా తలుపు దగ్గరికి వేశాడు.

వెనక కర్ర మీద కర్ర రాసుకున్న చప్పుడు.

"మొండన్నా," అన్నాడు, గొంతు పెంచకుండానే.

కోడె తల ఎత్తింది.

అజాగ్రత్తగా లోపలికి పోయి ప్రాణం పోగొట్టుకున్నాడని మర్నాడు పంచాయతీ తేల్చింది. కోడె అప్పటికే పటేలు కొట్టంలో గడ్డి మేస్తున్నది. చేను మాట ఎవరూ ఎత్తలేదు. దొడ్డి వాకిట్లో సీమోను చెప్పులు అలాగే ఉన్నాయి; వాటి పక్కన, రాత్రి వెతుక్కుంటూ వచ్చిన రిబ్కమ్మ దీపం నేల మీద పెట్టి, రెండు చేతులతో బయటినుంచి లాగి తీసిన అడ్డుకర్ర.