రొట్టె మీద కౌంటరమ్మాయి ముఖం

బేకరీలో పిండి కలిపే పిండావిడకి వచ్చిన దురద జబ్బు గురించి వీధిలో రెండు కథనాలున్నాయి. బేకరీ పిండిలోని ఈస్టే ఆమె ఒంటికి పట్టిందని ఒకటి, మొగుడే ఎక్కడినుంచో తెచ్చి అంటించాడని రెండోది. రెండూ నోటిమాటలే, ఆధారం ఎవరూ చూపలేదు. రెండోదాన్ని అందరికంటే గట్టిగా నమ్మింది మాత్రం స్వయంగా పిండావిడే.

ఉదయం ఐదింటికల్లా ఆమె తొట్టిలో పిండి కలిపేది, మొగుడు పొయ్యి చూసుకునేవాడు. ఆమె ఎవరిని తలుచుకుంటూ పిసికితే రొట్టెలు వాళ్ళ ముఖంతో పొంగేవి. అత్తగారు పోయిన వారమంతా రొట్టెలు బోసినోటితో నవ్వాయి. కొనేవాళ్ళు మెత్తగా ఉన్నాయని మెచ్చుకుని పట్టుకెళ్ళారు. ఇప్పుడు రెండు వారాలుగా ప్రతి రొట్టె మీదా కౌంటరమ్మాయి ముఖమే.

మొగుడు ఆ అమ్మాయితో నవ్వుతూ మాట్లాడటం పిండావిడ చూసింది. వేడివేడి రొట్టె అంచు విరిచి ఇవ్వడమూ చూసింది. ఒంట్లో దురద, మంట, విరిగిన పాలలాంటి తెల్లబట్ట. ఇంకేం రుజువు కావాలి? డాక్టరుకి చూపించుకోవడానికి సిగ్గుపడి వాసన సబ్బుతో రోజుకి ఐదుసార్లు లోపలిదాకా కడుక్కుంది. మంట రెట్టింపైంది. పొయ్యి వేడికి చెమటతో తడిసిన బిగుతు నైలాను ప్యాంటు సాయంత్రందాకా ఒంటిమీదే ఉండేది. మొగుణ్ణి వదిలి వెళ్ళిపోదామని శుక్రవారం బస్సుకి అక్క ఊరికి టికెట్టు కూడా కొనేసింది.

బుధవారం కౌంటరమ్మాయి ఒక రొట్టె పట్టుకుని లోపలికొచ్చింది.

"అక్కా, ఇవాళ నా ముక్కు మరీ వంకర పెట్టావు."

"నీ ముక్కు ఎలా ఉంటే అలాగే వస్తుంది."

"రెండు వారాలుగా జనం నా మొహం ముక్కలు కోయించుకుని మరీ తీసుకెళ్తున్నారు. నామీద కోపమేదో ఉంటే మొహం మీదే చెప్పు. రొట్టెతో ఎందుకు?"

పిండావిడ చెప్పేసింది. మొగుణ్ణి, అమ్మాయిని, దురదని, అన్నింటినీ ఒకే ఊపిరిలో తిట్టేసింది.

కౌంటరమ్మాయి చేతిలో రొట్టె బల్లమీద పెట్టేసింది. "అదా? నాకు కిందటేడు వచ్చింది. నాకసలు మొగుడే లేడు, ఎవరు తెచ్చారంటావు? పద, డాక్టరమ్మ దగ్గరికి."

"నీతోనా? చచ్చినా రాను."

"చావక్కర్లేదులే. చెప్పులేసుకో."

డాక్టరమ్మ నమూనా తీసి సూక్ష్మదర్శిని కింద చూసింది.

"ఈమధ్య ఏమైనా మందులు వాడావా, తల్లీ?"

"పన్ను వాచిందని యాంటీబయాటిక్ వాడానండి."

"అదే కారణం కావచ్చు. కాపలా కాసే మంచి క్రిములు కూడా ఆ మందుకి చస్తాయి. దాంతో మన ఒంట్లో ముందునుంచీ ఉండే ఈస్టు పెరుగుతుంది. ఇది మీ రొట్టెల ఈస్టు కాదు, మామూలుగా మొగుళ్ళు మోసుకొచ్చే జబ్బూ కాదు. సబ్బు లోపలికి పోనివ్వకు, పైన నీళ్ళు చాలు. నూలు లోదుస్తులు వేసుకో, తడిస్తే వెంటనే మార్చుకో. తగ్గిందని మందు మధ్యలో మానకు. మళ్ళీమళ్ళీ వస్తే షుగరు పరీక్ష చేయిద్దాం."

మందు బాగానే పనిచేసింది. అనుమానానికి మాత్రం మందు దొరకలేదు. జబ్బు ఆ అమ్మాయి వల్ల కాకపోతే ఆ నవ్వులేమిటి, ఆ రొట్టె అంచేమిటి? గురువారం రొట్టెలు కూడా కౌంటరమ్మాయి ముఖంతోనే పొంగాయి, కాకపోతే ముక్కు కాస్త తిన్నగా వచ్చింది.

శుక్రవారం బస్సుకి గంట ముందు ఆమె బేకరీ హాజరుపట్టీ తెరిచింది. వాళ్ళిద్దరూ కలిసి పనిచేసిన రోజులన్నీ లెక్కపెట్టి మొగుడి మొహాన కొట్టాలని ఆమె ఉద్దేశం. ఆమెకి దురద మొదలైంది జూన్ 9న. ఆ రోజు కౌంటరమ్మాయి పేరు పట్టీలో లేదు, మర్నాడూ లేదు. రెండు పేజీలు తిప్పాక బేకరీ యజమాని చేతిరాతలో కనిపించింది: పనిలో చేరిన తేదీ, జూన్ 21. అంటే దురద మొదలైన పన్నెండు రోజులకి గానీ ఆ అమ్మాయి ఈ బేకరీలో అడుగే పెట్టలేదు.