చొక్కా అంచు, అక్రోటు ముక్క

వేట గుడిసె గోడకి ఎల్వా పేరుతో మూడు చొక్కా అంచులు వేలాడుతున్నాయి. జింక మీద గురి తప్పినవాళ్ల చొక్కా వెనక అంచు కత్తిరించి, పేరు రాసి గోడకి కొట్టడం పెన్సిల్వేనియా కొండల్లో తాతల నాటి ఆనవాయితీ. ఎల్వా బతుకంతా చొక్కాల ఫ్యాక్టరీలో అంచులు కుట్టిన మనిషి. గురి తప్పినందుకు కాదు గానీ, మరిది మెర్ల్ వాటిని ఎలక కొరికినట్టు కత్తిరించినందుకు ఆమె ప్రాణం ఉసూరుమనేది.

ఈసారి మాత్రం సంగతి అంచుతో పోయేలా లేదు. భర్త వాల్ట్ పోయాక కొండ మీద ఆయన కూర్చునే బండ ఆమెకి వచ్చింది. వెనక హెమ్లాక్ చెట్ల నీడ, ముందు వాలులో జింకలు దిగే దారి. అంతకంటే మంచి చోటు ఆ కొండలో లేదు. మెర్ల్ అల్లుడి కన్ను దాని మీద పడింది.

"ఈ ఏడు కూడా తప్పావంటే ఆ బండ మా అల్లుడికి వదిలెయ్ వదినా," అన్నాడు మెర్ల్ ఈస్టర్ భోజనాల దగ్గర, బీట్‌రూట్ రసంలో ఊరిన గుడ్డు నోట్లో వేసుకుంటూ. "నువ్వు పొయ్యి దగ్గరుంటే మాకు వేళకింత కూడైనా దొరుకుద్ది."

"తప్పకపోతే?"

"మళ్లీ ఆ బండ ఊసెత్తితే ఒట్టు."

"నోట్లోది మింగి చెప్పు. అందరికీ వినబడాలి."

మెర్ల్ మింగి, మళ్లీ చెప్పాడు.

ఆమె వాడేది వాల్ట్ తుపాకీ. వాల్ట్ తలుపు వంగి దాటే మనిషి, ఎల్వా ఆయన భుజానికి కూడా రాదు. ఆ తుపాకీ ఎత్తితే మెడ సాచుకోవాలి, చెయ్యి చాచుకోవాలి. మొగుడి చొక్కా తొడుక్కుని పెళ్లికి వెళ్లినట్టుంటుంది. నా ఒంటికి కొలిచి నేనే ఒకటి చేసుకుంటే పోలా అనిపించింది ఆమెకి. వాల్ట్ అటక మీద ఎన్నాళ్లుగానో ఎండబెట్టి ఉంచిన అక్రోటు దుంగ ఒకటుంది. ఆయన పెట్టెలో గుండు ఎక్కించే పాత బోల్టు భాగం ఒకటుంది. కొత్త గొట్టం తెప్పించుకుంది. దాన్ని బోల్టుకి సరిగ్గా బిగించి సరిచూసే పని మాత్రం తన చేతిది కాదని, కింది వీధిలో లేతు యంత్రం ఉన్న క్లేర్‌కి అప్పగించింది. క్లేర్ వాల్ట్ స్నేహితుడు.

"చెక్క పని కూడా నేనే చేసి పెడతానమ్మా," అన్నాడు క్లేర్.

"వద్దన్నా. అది కుట్టుపని లాంటిది. ఎవరికి వాళ్లే కొలుచుకోవాలి."

ఆ వేసవంతా ఆమె వంటింటి బల్ల మీద పొట్టు రాలుతూనే ఉంది. ఇనుము చెక్కలో గాలి చొరకుండా కూర్చోవాలి. ఎక్కడ ఒరుసుకుంటోందో తెలియడానికి ఇనుముకి రంగు పూసి చెక్కలో నొక్కాలి, రంగు అంటుకున్న చోట ఉలితో కాస్త గీకాలి, మళ్లీ నొక్కాలి. ఆ రంగు కోసం ఎల్వా తన లిప్‌స్టిక్ వాడింది. ఒకసారి మెర్ల్ వచ్చేసరికి ఆమె వేళ్లు, గడ్డం, ముక్కు కొస అన్నీ ఎర్రగా ఉన్నాయి.

"ఎవరొదినా ఆ అదృష్టవంతుడు?"

"ఇదిగో," అంది తుపాకీ గొట్టం చూపించి. "నీలా వాగడు. అవసరమైనప్పుడే నోరు తెరుస్తాడు."

ఆకురాయి పట్టింది, గరుకు కాగితంతో రుద్దింది, అవిసె నూనె పట్టించి అరచేత్తో వేడెక్కేదాకా మర్దించింది. నూనె తాగేకొద్దీ చెక్కలోని చారలు పొంగిన పాలమీద మీగడలా తేలాయి. శరత్తులో, వేసవి మళ్లీ తిరిగొచ్చిందా అన్నంత వెచ్చని రోజున, క్లేర్ పొలం వెనక మట్టిగట్టుకేసి కాల్చి చూసింది. భుజం మీదకి ఎత్తగానే చెక్క తనంతట తానే వచ్చి చెంపకి ఆనింది. గుండ్లన్నీ ఒకే చోట, గుండీకి నాలుగు కన్నాల్లా పడ్డాయి.

"వాల్ట్ చూడాల్సింది," అన్నాడు క్లేర్.

"చూస్తే తనకీ ఒకటి చేసిపెట్టమనేవాడు."

థాంక్స్‌గివింగ్ పండగ వెళ్లాక వేట మొదలైన రోజు కొండంతా మంచు. ఎల్వా తెల్లవారేసరికి బండ మీద ఉంది. దళసరి ఉన్ని కోటు, దాని మీద వేటగాళ్లంతా వేసుకోవాల్సిన నారింజరంగు చేతుల్లేని కోటు. ఎండ కొమ్మల్లోకి దిగుతుండగా మెర్ల్ వైపు నుంచి ఒక తుపాకీ మోత వినిపించింది. కాసేపటికి మంచి కొమ్ములున్న మగజింక ఒకటి, ఎవరో తరిమినట్టు వాలులోకి దిగి, హెమ్లాక్‌ల పక్కన ఆగి ఊపిరి పీల్చుకుంది.

ఎల్వా తుపాకీ ఎత్తింది. తుపాకీ మడమ, భుజానికి ఆనే చెక్క కొస, కోటు చంకలో చిక్కుకుంది. దించి మళ్లీ ఎత్తింది. మళ్లీ కోటులోనే దిగబడింది.

అప్పుడు అర్థమైంది. కొలత తీసుకున్నది నడివేసవిలో, పలచటి చొక్కా మీద. ఫ్యాక్టరీలో కొత్త పిల్లల్లో ఎంతమందికి ఆమె నోరు నొప్పెట్టేలా చెప్పిందో, కోటు కింద వేసుకునేదానికి ఒక కొలత, కోటుకి ఒక కొలత అని. ఆమెకి నవ్వొచ్చింది. నవ్వితే జింక పోతుంది. పెదవి కరుచుకుంది.

జింక తల దించి మంచు కింద ఏదో వెతుక్కుంటోంది. ఎల్వా తుపాకీ ఒళ్లో పెట్టుకుని నారింజ కోటు మెల్లగా తీసింది. తర్వాత ఉన్ని కోటు గుండీలు. అవి తను కుట్టినవే, చచ్చినా ఊడని గుండీలు. ఒక్కొక్కటీ విప్పుతుంటే తన పనితనాన్ని తనే తిట్టుకుంది. కోటు జారవిడిచి, నియమం నియమమే కాబట్టి నారింజది మళ్లీ తొడుక్కుంది. చలి చొక్కాలోంచి సూదుల్లా దిగుతోంది. తుపాకీ ఎత్తింది. చెక్క వచ్చి చెంపకి ఆనింది.

ఒక్క మోత. జింక రెండడుగులు వేసి ఒరిగింది.

మెర్ల్ చెట్ల మధ్య నుంచి రొప్పుతూ వచ్చేసరికి ఆమె జింక పక్కన ఉన్ని కోటు లేకుండా నిలబడి గడగడ వణుకుతోంది.

"కోటేది వదినా? మతిపోయిందా ఏమిటి?"

"బండ మీదుంది. ఉక్కపోసి తీశా." పళ్లు టకటకలాడుతుంటే అంది. "ఇందాక ఆ మోత నీదేనా?"

మెర్ల్ జింక కొమ్ముల వైపు చూశాడు. "ఇదే అది," అన్నాడు నీరసంగా. "నా గుండు చెట్టుకి తగిలింది."

"నా దగ్గరికి తోలిపెట్టావు. మంచి మరిదివి."

సాయంత్రం గుడిసెలో పొయ్యి ఎర్రగా మండుతోంది. మెర్ల్‌ని బల్లకి ఆనించి నిలబెట్టి, ఎల్వా సంచిలోంచి ఫ్యాక్టరీ కత్తెర తీసింది. అతని చొక్కా అంచు గీత గీసినంత తిన్నగా కోసింది.

"కత్తిరించడమంటే ఇదీ. నేర్చుకో."

"సరేలే, ఆ బండ నీదే. ఇక ఆ ఊసెత్తను," అన్నాడు మెర్ల్ వెనక తడుముకుంటూ. "కానీ కోటు ఎందుకు తీశావో చెప్పు."

చెప్పింది. మెర్ల్ బల్ల చరుస్తూ నవ్వాడు. వాళ్లతో వేటకొచ్చిన క్లేర్ తల పట్టుకున్నాడు, కోటు వేసుకుని చూడాలని ఆ వెచ్చటి రోజున తనకీ తోచనందుకు. ఎల్వా గోడనున్న రంపం తీసి, తుపాకీ మడమ దగ్గర వేలెడు వెడల్పు గీసింది.

"అంత నూనె పట్టించి ఇప్పుడు కోస్తావా అమ్మా?" క్లేర్ గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

"పొడుగైన అంచు కత్తిరించాల్సిందే అన్నా. నువ్వు గట్టిగా పట్టుకో."

అక్రోటు ముక్క బల్ల మీద పడింది. దానికి మేకు కొట్టి గోడకి, మెర్ల్ చొక్కా అంచు పక్కనే వేలాడదీసింది. తర్వాత ఉన్ని కోటు తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని, వాకిట్లోకి వెళ్లి ఖాళీ తుపాకీ కొండకేసి ఎత్తింది. ఎక్కడా తట్టుకోలేదు. దించి, మళ్లీ ఎత్తింది. మళ్లీ.

"వదినా, తలుపెయ్," లోపల్నుంచి మెర్ల్ అరిచాడు. "నా వెనకంతా గాలే."