గంపకెత్తిన టోపీలు

ఆ పని బుజ్జమ్మకు మొదటిరోజే వింతగా తోచింది. పాన్‌గల్ దగ్గర నీళ్ల పైపుల కోసం లోతుగా కందకం తవ్వుతున్నారు. ఆమె మొగుడు ప్రభుదాసు, మానవపాడు నుంచి వచ్చిన మిగతా మగవాళ్లు లోపలికి దిగి అడుగు చదును చేస్తారు. దిగేముందు సూపర్‌వైజర్ శ్రవణ్ కుమార్ కంపెనీ ఇచ్చిన వాళ్ల గట్టి టోపీలు తీయించి గంపలో వేయిస్తాడు. ఆ గంప నెత్తిన పెట్టుకుని, కందకానికి బాగా ఎడంగా, పైపుల కుప్పల మధ్య తిరగడం బుజ్జమ్మ పని.

"టోపీలకు షికారెందుకు సార్?" అని ఒకసారి అడిగింది.

"చెమటకు పాడైతయ్. గాలి తగలాలె. నీ కూలి నీకొస్తుంది గదా, నీకెందుకు?" అన్నాడు.

తల కాయాల్సిన టోపీకి గాలి తగలాలట, టోపీ పెట్టుకోవాల్సిన తల ఏమైనా ఫరవాలేదట! అయినా బుజ్జమ్మ నోరు మూసుకుంది. కూతురు పావనిని ఊళ్లో విడిచి, మట్టి తవ్వడానికి పుణె దాకా పోయి వచ్చిన ఆలుమగలు వాళ్లు. ఇంటికి దగ్గర్లో పని దొరికిందే చాలనుకుంది.

ఒకనాడు వాన దంచికొట్టింది. తెల్లారి చూస్తే కందకం ఒడ్డు పొడుగునా నెర్రె.

"సార్, ఒడ్డు విచ్చుకపోయింది. జర ఆగుదమా?" అన్నాడు ప్రభుదాసు.

"ఆఫీసుల తెర మీద అంతా మంచిగనే కనబడుతుంది. దిగుండ్రి," అన్నాడు శ్రవణ్ కుమార్. దిగారు పాపం.

పొద్దు నడినెత్తికి రాకముందే వనపర్తి నుంచి జీపులో ఇంజనీరు శైలజ వచ్చింది. చేతిలో పలకంత తెర. దాన్ని చూసుకుంటూ నేరుగా బుజ్జమ్మ దగ్గరికి నడిచింది.

"అక్కా, ఇక్కడ ఇంతమంది ఉండాలె. ఏరీ?"

"ఎవరు మేడం? నేనొక్కదాన్నే."

శైలజ గంపలోకి చూసింది. ఆమె మొహం మాడిపోయింది. తెర బుజ్జమ్మ ముందు పెట్టింది.

"ఒక్కొక్క టోపీల ఒక బిళ్ల ఉంటదక్కా. మనిషి యాడుంటే ఈ తెర మీద ఆయన చుక్క ఆడ కనబడుతది. ఈ ఎర్రపట్టీ కందకం. ఎన్నడైనా లోపల ఎక్కువసేపు ఉంటే సైరన్ మోగుతది. వానకు ఒడ్డు కూలుతదని ఇయ్యాల పొద్దుగాల నేనే ఎర్రగ పెట్టిన. ఎవరు దగ్గరికి పోయినా సైరన్ మోగాలె, పని ఆగాలె. మోగలేదు. గందుకే వచ్చిన. ఇగో, ఈ చుక్క ప్రభుదాసు."

బుజ్జమ్మ ఒక అడుగు వేసింది. ప్రభుదాసు చుక్క కదిలింది. ఆమె ఆగింది. అదీ ఆగింది.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. మనిషి నెర్రె కింద, లెక్కకు మాత్రం పెళ్లాం నెత్తిమీద! ఇన్నాళ్లూ ఆ దగాను తనచేతే మోయించాడు దొంగ సచ్చినోడు. గంపతోనే కందకం వైపు ఉరికింది.

శ్రవణ్ కుమార్ అడ్డమొచ్చాడు. "ఏయ్, టోపీలు అటు తేవద్దు! సైరన్ మోగితే పని ఆగుతది!"

"ఆగనీ! నా మొగని మీద మట్టిపెళ్ల పడితే నీ పని నడుస్తదా?"

అతన్ని తోసుకుని పోయి, మగవాళ్లు దిగే ఏటవాలు దారి మొదట్లో గంప దించింది. కొయ్యకు కట్టిన సైరన్ ఊరంతా వినబడేలా కూసింది.

"ఓ పావని నాయినా! అందరు మీదికి రాండ్రి!"

ఒక్కొక్కరే బురదకాళ్లతో ఎక్కి వచ్చారు. చివరగా వచ్చిన ప్రభుదాసు నెత్తిన ఆమె తన చేత్తోనే టోపీ పెట్టింది. అప్పుడు గానీ ఆమెకు ఏడుపు రాలేదు.

శ్రవణ్ కుమార్ ఫోన్ మోగింది. పెద్దాఫీసు. "తెరంతా ఎర్రగా ఉంది, ఏమైందక్కడ?" అన్న గొంతు బయటికి వినిపించింది. బుజ్జమ్మ ఫోన్ గుంజుకుంది.

"ఏమైందని ఇయ్యాల అడుగుతున్నవా సారూ? మావోళ్లు మట్టి కింద ఉన్నన్ని దినాలు గంపల చుక్కలు చూసి సల్లగ కూసున్నరు. ఇప్పుడు కనబడుతున్నరా మనుషులు?"

శైలజ సైరన్ ఆపడానికి చెయ్యెత్తింది.

"ఉండనీ మేడం," అంది బుజ్జమ్మ, ఫోన్‌ను సైరన్ వైపు చాపుతూ. "ఇననీ."