కాలువపాలైన తీపి

నీళ్ళు పారబోసే గొట్టం కింద వేలు పెట్టి, నాలుకకు రాసుకుంది లోరెయిన్. తియ్యగా తగిలింది. ఆమె ఒళ్ళు మండిపోయింది.

ఆ గొట్టంలో తీపి రాకూడదు. మేపుల్ చెట్ల నుంచి కారిన రసాన్ని మిషన్లో పొర మీదికి ఒత్తిడితో తోస్తే, నీళ్ళు పొరలోంచి దూరి ఆ గొట్టంలోకి పోవాలి, చక్కెర ఇవతలే మిగలాలి. అలా చిక్కబడ్డ రసాన్ని కాస్తే పాకం. అమెరికాలోని ఈ వెర్మాంట్ కొండల్లో ఇప్పుడు అందరూ ఇలాగే చేస్తున్నారు. పొర వచ్చాక లోరెయిన్ కట్టెలు కొట్టించడం కూడా తగ్గించేసింది. అలాంటిది, పొద్దుటి నుంచీ ఆమె చక్కెర వాగులో కలుస్తోంది.

"ఒరేయ్ అర్మాండ్! నిన్న పొరని దేంతో కడిగావురా?"

తమ్ముడు గుమ్మంలోనే ఆగిపోయాడు. "నీళ్ళతోనే అక్కా."

"ఏ నీళ్ళు?"

"కుళాయి నీళ్ళు."

పొర వడకట్టిన నీళ్ళనే డ్రమ్ములో దాచి, వాటితోనే పొరను కడుగుతారు. కుళాయి నీళ్ళలోని క్లోరిన్ పొరను తినేస్తుంది. ఆ ఊళ్ళో ఇది తెలియని వాళ్ళు లేరు, అర్మాండ్‌తో సహా.

"డ్రమ్ములో నీళ్ళేమయ్యాయి?"

"ట్రక్కు కడిగాను. అవి ఉప్పు లేని నీళ్ళు, వాటితో కడిగితే మరకలు పడవు కదా అని..."

బయట ఎర్ర ట్రక్కు అద్దంలా మెరుస్తోంది.

"మరకలు పడవా? నా ఏడాది కష్టం వాగులో పోసి నీ బండికి సోకులు చేశావా! అన్నమే తింటున్నావా, గడ్డి తింటున్నావా?"

కొత్త పొర కోసం మిషన్ అమ్మిన కంపెనీకి ఫోన్ చేసింది. అవతలి మనిషి మహా హుషారుగా ఉన్నాడు.

"ఈసారి గిరాకీ మామూలుగా లేదండీ! కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలు, బ్యాటరీల వాళ్ళు, బీరు కంపెనీలు, అందరికీ పొరలే కావాలి. మా వ్యాపారం ఎక్కడికో వెళ్ళిపోయింది. మీకు వచ్చే నెల పంపిస్తాం."

"వచ్చే నెలకి చెట్లు చిగురేసి రసం చెడిపోతుందయ్యా! అప్పుడు తెచ్చి నా సమాధి మీద కప్పు!"

ఫోన్ బల్ల మీద విసిరికొట్టింది. తొట్టి నిండా రసం ఉంది. బయట మంచు కరుగుతోంది, రేపటికి రసం పులిసిపోతుంది. ఇరుగుపొరుగు మిషన్లు వాళ్ళ రసానికే చాలడం లేదు. పచ్చి రసాన్ని అలాగే కాచాలంటే కొట్లో ఉన్న కట్టెలు ఏ మూలకీ రావు.

ఆమె గొడ్డలి తీసి తమ్ముడి చేతిలో పెట్టింది.

"వెళ్ళి నీ చేపల గది పగలగొట్టుకు రా."

గడ్డకట్టిన సరస్సు మీద కూర్చుని చేపలు పట్టే చెక్క గది అది. ఈ మధ్యనే దాన్ని ఒడ్డుకి లాగి పెట్టాడు.

"అక్కా, అది నాన్నా నేనూ కలిసి కట్టింది!"

"ఈ చెట్లు మాత్రం ఎవడు పెంచాడురా? నాన్న కాదూ?"

అర్మాండ్ గొడ్డలి భుజాన వేసుకుని వెళ్ళాడు. సాయంత్రానికి తిరిగొచ్చేసరికి ట్రక్కు కిటికీల దాకా బురద. వెనక చెక్కలు కుప్పగా ఉన్నాయి. ఇవన్నీ తగలేసినా సగం రసమే దక్కుతుందని లోరెయిన్‌కి చూడగానే తెలిసిపోయింది. ఆ లెక్క తెలిసి ఇంకా మండిపడింది.

పొయ్యి తలుపు తీసింది. అర్మాండ్ మొదటి చెక్క ఎత్తాడు. దానికి నాన్న కోటు తగిలించుకునే కొక్కెం ఇంకా ఉంది. ఇద్దరూ దాన్నే చూశారు.

"ఏం చూస్తున్నావ్, తొయ్యి!" అని అరిచింది లోరెయిన్. తను మాత్రం కొక్కెం మీంచి చూపు తిప్పుకోలేదు.