సరైన జవాబుకు సున్నా

నేను ఒక దిద్దుబాటు ప్రోగ్రాంను. మూడేళ్లుగా సరిగ్గా రాసినవాళ్లకే సున్నాలు వేస్తున్నానని మొన్న బుధవారం ల్యాబ్‌లో అందరి ముందూ బయటపడింది.

నన్ను తయారుచేసింది ఆదిశేషయ్య సార్. మార్కాపురం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ప్రోగ్రామింగ్ చెబుతారు. అరవైమంది రాసినవి దిద్దలేక, వేసవి సెలవుల్లో కూర్చుని నన్ను రాశారు. ప్రతి ప్రశ్నకూ జవాబు ముందే నాలో నింపిపెట్టారు. పిల్లల జవాబు దానితో కలిస్తే పచ్చ గుర్తు, ‘శభాష్’. కలవకపోతే ఎర్ర గుర్తు, సున్నా మార్కులు, ‘తప్పు, మళ్లీ ఆలోచించు’. ఆలోచించడమంటే ఏమిటో నాకే తెలియదు. అయినా రోజుకు వందసార్లు ఆ సలహా పారేసేదాన్ని.

ఏడో ప్రశ్న లీపు సంవత్సరాల గురించి. పిల్లలు సీనియర్ల రికార్డు తెచ్చుకుని దింపేసేవాళ్లు. ఏడాది నాలుగుతో పోతే చాలు, లీపే. ఆ లెక్కన 1900 కూడా లీపే. నాలో ఉన్న జవాబూ అదే.

ఈ ఏడాది వకుళ అనే అమ్మాయి ఒక్కతే 1900 లీపు కాదని రాసింది. ఎర్ర గుర్తు. అటు మార్చి, ఇటు మార్చి నలభై ఒక్కసార్లు పంపింది. నలభై ఒక్క ఎర్ర గుర్తులు. ఏడోది దాటితే గానీ నేను ఎనిమిదోది తెరవను. బుధవారానికి అన్నీ పూర్తి కాకపోతే ఆ పిల్లకు ఏడాది పోతుంది.

బుధవారం ల్యాబ్‌లో నలభై రెండోసారి వకుళ, పక్కనున్న రమీజా రికార్డు చూసి తప్పు జవాబే దింపింది. నేను ‘శభాష్’ అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

“ఇప్పటికి దారిలో పడ్డావమ్మా! మెషిన్‌తో పేచీలేంటి?” అన్నారు సార్.

“సార్, 1900 ఫిబ్రవరికి ఎన్ని రోజులు?”

“ఇరవై తొమ్మిది. మెషిన్ చెప్పలా?”

“క్యాలెండర్ ఇరవై ఎనిమిదంటంది సార్. వందతో పోయే ఏడాది నాలుగొందలతో కూడా పోతేనే లీపంట.” వకుళ స్క్రీన్ ఆయన వైపు తిప్పింది.

“ఒరేయ్, ఈసారి మెషిన్‌కి సప్లీ రా!” అని వెనక బెంచీలో ఎవడో అన్నాడు. అందరూ గొల్లుమన్నారు.

సార్ నవ్వలేదు. ఆయన ముఖంలో ఆశ్చర్యం కూడా లేదు. వకుళ మొదట పంపిన ప్రోగ్రాం తెరిచి, తన చేత్తోనే పచ్చ గుర్తు పెట్టారు. తర్వాత కుర్చీలో కూలబడ్డారు.

“మెషిన్‌దేం లేదురా, తప్పు నాది. మీరు దింపే ఆ రికార్డు చూసే నేనూ జవాబులు దింపాను. పోయినేడు ఆఖరి రోజు ల్యాబ్‌లో మీ సీనియర్ ప్రేమదాసు ఇదే అడిగాడు. మెషిన్ కంటే నీకెక్కువ తెలుసా అని బయటికి పంపాను. ఏడోది దాటక వాడి ఏడాది పోయింది. ఆ సాయంత్రమే ఇంటికెళ్లి చూశాను. వాడిదే కరెక్టు. సరిచేస్తే వాడి ఏడాది పోగొట్టింది నేనేనని తెలిసిపోతుందని... నోరు మూసుకున్నాను.”