పులి నలభై ఒక్క గంటలు

"ఒరేయ్, మీ బావ సేవ్ పోయిందిరా! పొద్దుట్నించీ మనిషి ఉలకడు, పలకడు" అంది అక్క ఫోన్లో.

నా చెవికది 'షేవ్' అని వినబడింది. బావ మీసం సామాన్యమైంది కాదు. గుమ్మంలోకి ముందు అదొస్తుంది, వెనకాల బావొస్తాడు. బార్బరు చెయ్యి జారినట్టుంది పాపం అనుకుంటూ పరుగున వెళ్ళాను. హాల్లో టీవీ ఎదురుగా, రెండు చేతుల్లో మొహం దాచుకుని కూర్చున్నాడు బావ.

"దిగులుపడకు బావా, నెల తిరిగేసరికి మళ్ళీ వచ్చేస్తుంది."

"ఎలా వస్తుందిరా? ముప్ఫై ఏళ్ళ నాటిది!"

"కుదుళ్ళు లోపలే ఉంటాయిగా!"

బావ తలెత్తాడు. మీసం నిక్షేపంగా ఉంది.

"కుదుళ్ళేమిట్రా?"

"మీసానివి."

పక్కనున్న నా మేనకోడలు పొట్ట పట్టుకుని నవ్వి, "షేవ్ కాదు మామయ్యా, సేవ్! వీడియో గేములో ఎంతదాకా ఆడామో క్యాట్రిడ్జిలో, అంటే ఆట ఉండే ప్లాస్టిక్ బిళ్ళలో, దాచుకునేది" అంది.

"మీసం పోయిందని నేనొస్తే, ఇక్కడ మోసం జరిగిందన్నమాట" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నాకలవాటే.

ముప్ఫై ఏళ్ళ కిందట, మా ఎదురింట్లో ఉండే రోజుల్లో, ఒక వేసవి సెలవుల్లో బావ ఈ ఆట ఆడి చివర్లో వచ్చే డ్రాగన్ని చంపాడు. ఇది బావ కథనం. సాక్షులెవరూ లేరు. డ్రాగన్ని చంపాడో, డ్రాగన్ని చూసి దాగెనో ఎవరికి తెలుసు? అని నేను ఏ విందులోనైనా అనేవాణ్ణి. అక్కయితే ఒక్క ముక్కలో 'కోతలు' అనేసేది. బావ మాత్రం మారని ధీమాతో, "క్యాట్రిడ్జి ఉంది, అందులో 'పులి' అని నా పేరుంది. ఆడించే మిషనే పాడైంది. ఎప్పుడో ఒకనాడు చూపిస్తా" అనేవాడు.

ఆ ఎప్పుడో ఒకనాడు ఇవాళే వచ్చింది. తండ్రి యాభయ్యో పుట్టినరోజని మేనకోడలు ఒక కొత్త మిషను కొనుక్కొచ్చింది. పాత మిషనుకి నకలు. పాత క్యాట్రిడ్జిలన్నీ అందులో ఆడతాయట. అక్క నగలు చూసి మురిసినట్టు బావ ఆ నకలు చూసి మురిశాడు. నిజం చెప్పాలంటే మురవాల్సిందే. తీగల్లేని రిమోట్లు, అద్దంలాంటి బొమ్మ. ఆట చక్కగా మొదలైంది. పేర్లుండే చోట మాత్రం మూడు గళ్ళు, మూడూ ఖాళీ.

"మళ్ళీ ఊదాను, మళ్ళీ పెట్టాను" అన్నాడు బావ. క్యాట్రిడ్జి మొరాయిస్తే నోటితో ఊదడం మా తరం వైద్యం. ఊది ఊది దాన్ని ఊదరగొట్టేశాడు. అయినా గళ్ళు ఖాళీయే.

"పోనీలేద్దూ" అంది అక్క. ఎప్పుడూ వెక్కిరించే మనిషి మెత్తగా అనేసరికి బావకి ఇంకా గుచ్చుకుంది.

"అంటే నేను చెప్పిందంతా అబద్ధమేనంటావు."

అక్క లేచి టీవీ కట్టేసింది. నాకు జోకే రాలేదు. నా విషయంలో అది జ్వరంతో సమానం.

సేవ్‌ని నిలబెట్టే లోపలి బ్యాటరీ అయిపోయి ఉంటుందని మేనకోడలు తేల్చింది. "మార్పించేద్దాం. మళ్ళీ మొదట్నించి ఆడతాను" అన్నాడు బావ, అప్పగింతల గొంతుతో. నలుగురం బయల్దేరాం.

వీధి చివర ఒక మేడ మెట్ల కింద గదిలో ఒకావిడ కుట్టుమిషన్లూ, పాత గేము మిషన్లూ బాగుచేస్తుంది. వాడకట్టంతా ఆవిణ్ణి రిపేరక్క అంటుంది. బల్ల మీద స్క్రూలు సైజులవారీగా సీసా మూతల్లో ఉన్నాయి. మూల ఒక డబ్బా టీవీ.

"బ్యాటరీ మార్చెయ్యమ్మా. లోపలేమీ లేదు, చూశాం" అన్నాడు బావ.

"దేంట్లో చూశారు?"

"కొత్త మిషన్లో."

ఆవిడ వేడెక్కిన సోల్డరింగు కడ్డీని మళ్ళీ స్టాండులో పెట్టేసింది. "అసలు మిషన్లో ఒక్కసారి పెట్టి చూడందే నేను దేన్నీ విప్పను సార్. బ్యాటరీ ఊడదీస్తే ఉన్నది కాస్తా పోతుంది" అంటూ, దూది చుట్టిన పుల్లని స్పిరిట్లో ముంచి క్యాట్రిడ్జి అంచునున్న లోహపు పళ్ళు తుడిచింది. దూది నల్లబడింది. "నోటి తడికే ఈ తుప్పు. ఎవరు ఊదారు?"

బావ నా వంక వేలు చూపించాడు! అప్పటికీ మనిషి పులే.

బల్ల కిందనుంచి పసుపుబారిన అసలు మిషను తీసింది. మూడు చచ్చిన మిషన్ల అవయవాలతో ఒకదాన్ని బతికించిందట. క్యాట్రిడ్జి 'టక్' మని కూర్చుంది. ఆ చప్పుడుకే బావ కళ్ళు చెమర్చాయి. డబ్బా టీవీ మీద బొమ్మ వెలిగింది. ఇంట్లో గళ్ళుగళ్ళుగా కనిపించిన కోట ఇక్కడ రంగులు కలిసిపోయి, ఎవరో కుంచెతో వేసినట్టుంది.

పేర్ల పేజీ వచ్చింది. మొదటి గడిలో ఇంగ్లీషు అక్షరాల్లో 'పులి'. పక్కన నలభై ఒక్క గంటలు. ఆ పక్కన చిన్న బంగారు కిరీటం.

"కిరీటమంటే?" అంది అక్క.

"డ్రాగన్ని చంపినవాళ్ళకే ఆట ఇస్తుందండీ" అంది రిపేరక్క.

బావ మీసం మాత్రం దువ్వుకున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా దాచుకున్న డైలాగులన్నీ ఏమయ్యాయో! అక్క తెరకి దగ్గరగా వంగి, వేలితో కిరీటాన్ని తాకింది.

"నలభై ఒక్క గంటలా! ఆ వేసవంతా టైపు నేర్చుకుంటున్నానని చెప్పావు కదయ్యా నాకు!"

"వేళ్ళకి అభ్యాసమేగా" అన్నాడు బావ.

"నమ్మనందుకు తప్పు నాదేలే" అంది అక్క, భుజం మీద చెయ్యేసి.

నేనూ చెంపలేసుకున్నాను, చప్పుడొచ్చేలా. మేనకోడలు మాత్రం ఇంకా మొహం ముడుచుకునే ఉంది. "మరి నేను కొన్నది ఎందుకలా అబద్ధం చెప్పింది?"

"అబద్ధం కాదమ్మా, మంచి మిషనే" అంది రిపేరక్క, అందరికీ వినబడేలా. "అది క్యాట్రిడ్జిలోంచి ఆటని మాత్రం తనలోకి ఎత్తి రాసుకుంటుంది. తర్వాత ఆడించేది ఆ నకలునే. పేర్లకి దాని నోటు పుస్తకం దానికి వేరే. మీ నాన్నగారు రాసుకున్న పుస్తకాన్ని అది తెరవనే లేదు. మీరు ఇంట్లో చూసిన ఖాళీ కాగితం నాన్నగారిది కాదు, దానిది."